పాత పళ్లెము, క్రొత్త నాదము: గ్రామఫోను పద్యముల పునర్ముద్రణములందు ధ్వనిగుణ విచారము

బళ్ళారి సీమ శిలలకు సైతము నాదము గల సీమ. నగరమునకు సమీపమున సంగనకల్లు, కుప్పగల్లు గ్రామముల నడుమనున్న కొండపై నల్లని డోలరైటు బండలు కలవు. వానిని గుండ్రాతితో తట్టినచో గంటవలె మ్రోగును. నవీన శిలాయుగపు మానవులు ఆ బండలపై ఎద్దుల బొమ్మలను చెక్కిరి. మ్రోగించుటకై తట్టి తట్టి నునుపు చేసిన గుంటలు అచ్చట కాననగును. 1892 నాటికే ఈ మ్రోగు రాళ్లను గూర్చి ఆంగ్లమున వ్యాసము వెలువడినది. ఈ శతాబ్దారంభమున పురావస్తు పరిశోధకులు వానిని మఱల పరిశీలించి, రాతి క్వారీల వలన ఆ స్థలమునకు వాటిల్లుచున్న ముప్పును లోకమునకు తెలిపిరి. కంకరగా మాఱిన బండ మఱల మ్రోగదు. నాదమును కాపాడవలెనన్న, నాదమిచ్చు వస్తువును ముందుగా కాపాడవలెనను సత్యమును ఆ కొండయే మనకు బోధించుచున్నది.

ఈ వ్యాసమునకు విషయము ఆ ప్రాచీన శిలలు కావు. మన తాతల యిండ్లలో గుడ్డ కప్పి దాచిన మఱియొక నల్లని వస్తువు, అనగా గ్రామఫోను పళ్లెము, ఇందు విచారింపబడును. ఆ పళ్లెములయందలి నాటక పద్యములు తరువాతి కాలమున పెద్ద రికార్డులుగను, క్యాసెట్లుగను, కాంపాక్టు డిస్కులుగను, ఇటీవల సంఖ్యారూప ప్రతులుగను మఱల మఱల వెలువడినవి. ప్రతి పర్యాయమును “పాత పాట, క్రొత్త నాణ్యము” అను మాట వినబడును. ఆ నాణ్యమెట్టిది? పాతదానికంటె క్రొత్తది మేలైనదని చెప్పుటకు కొలబద్ద యేది? శుభ్రపఱచుటలో పోవునది దుమ్మేనా, లేక గాయకుని మాటయు దుమ్ముతో కూడ పోవుచున్నదా? రూపనగుడి వంటి సరిహద్దు గ్రామముల తెలుగువారికి ఈ ప్రశ్న వినోదమాత్రము కాదు. అది యెట్లో క్రమముగా నివేదింతును.

బళ్ళారి రంగస్థలము, పద్యము

ఆధునికాంధ్ర నాటకమునకు బళ్ళారి పుట్టినిల్లనదగినది. ఆంధ్ర నాటక పితామహుడని కీర్తి గాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) ఇచ్చట సరస వినోదినీ సభను నెలకొల్పి, “చిత్రనళీయము”, “విషాద సారంగధర” మున్నగు నాటకములను ప్రదర్శించిరి. పద్యమునకు పాటను జోడించి, రాగముతో రంగమును నింపిన వారిలో ఆయన అగ్రగణ్యులు. ఆయన సమకాలికులు కోలాచలము శ్రీనివాసరావు (1854–1919) చారిత్రక నాటకమునకు మార్గదర్శకులై, విజయనగర పతనమును “రామరాజు చరిత్ర”గా రంగమునకెక్కించిరి.

ధర్మవరము వారి మేనల్లుడే బళ్ళారి రాఘవ (1880–1946). ఆయన మార్గము వేఱు. అర్థమును మ్రింగివేయు రాగాలాపనను ఆయన అంగీకరింపలేదు. మాట యొక్క భావము, ముఖము యొక్క భావము, ఈ రెండింటిచేతనే పాత్ర జీవించవలెనని ఆయన మతము. ఒకే ఊరిలో, ఒకే కుటుంబములో, పద్యమునకు రాగము ప్రాణమను పక్షమును, మాట ప్రాణమను పక్షమును వెలసినవన్నమాట. ధ్వనిగుణ విచారమునందు ఈ వివాదమును మనము మఱల ఎదుర్కొనబోవుచున్నాము గనుక దీనిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

గ్రామఫోను వ్యాపారము మొదటి పక్షమునకే అనుకూలించెను. మూడు నిమిషములలో ముగియు పళ్లెమునకు పద్యము తగినట్లుగా సుదీర్ఘ సంభాషణము తగదు గదా. స్థానము నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి, కల్యాణం రఘురామయ్య మున్నగు నటగాయకుల కంఠములు పళ్లెములపై ఇల్లిల్లు చేరినవి. రాఘవ కంఠమును అన్వేషించువారు మాత్రము ఆయన నటించిన “ద్రౌపదీ మానసంరక్షణము” (1936), “రైతుబిడ్డ” (1939), “చండిక” (1940) అను చలనచిత్రముల వైపు చూడవలసి వచ్చుచున్నది. యంత్రము ఏది నిలుపగలదో అదియే నిలిచినది. కావున పళ్లెమునందున్నది నాటి రంగస్థలము సంపూర్ణముగా కాదని మొదటనే గ్రహింపవలెను. రంగముపై ఒక పద్యము చివర రాగము ఎంతసేపైన సాగవచ్చును. ప్రేక్షకులు “వన్స్ మోర్” అన్న మఱల మొదటికి రావచ్చును. పళ్లెముపై పది అంగుళముల వలయము ముగియుసరికి రాగమును ముగియవలసినదే.

పళ్లెము పుట్టుక

ఎడిసన్ 1877లో ధ్వనిలేఖిని నిర్మించెను. బెర్లినర్ 1887లో బల్లపరుపు పళ్లెముపై ధ్వనిని లిఖించు పద్ధతికి హక్కు పొందెను. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మున్నగువారి గానమును లిఖించెను. ఆ మైనపు మూలములు ఓడలపై జర్మనీలోని హానోవరు నగరమునకు పోయి, అచ్చట అచ్చుపడి, పళ్లెములై మఱల మన దేశమునకు వచ్చెడివి. పాట చివర గాయని తన పేరును తానే చెప్పుకొనుట ఆ కాలపు పళ్లెములందు వినవచ్చును. ఆ భాష నెఱుగని విదేశపు పనివారు ఏ పళ్లెమునకు ఏ చీటి అంటింపవలెనో తెలిసికొనుటకు అది ఉపకరించెడిది. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారము వెలసిన పిమ్మట ఈ దూరప్రయాణము తప్పినది.

ఆ పళ్లెము యొక్క పదార్థము మన దేశపుదే. చెట్టుకొమ్మలపై పురుగులు కూర్చు లక్క, దానిలో రాతిపొడి, నలుపునకై మసి, గట్టితనమునకై నూలు పీచు కలిపి, వేడిచేసి అచ్చు వేసెడివారు. రాతిపొడి కలుపుటకు కారణము కలదు. ఉక్కుముల్లు మొదటి కొన్ని చుట్లలోనే అఱిగి, గాడి ఆకారమునకు సరిపడవలెనని వారి యుద్దేశము. ముల్లును ప్రతి ప్రక్కకును మార్చవలెనని చెప్పుట అందువలననే. ఆ రాతిపొడియే మనము వినెడి “సుస్సు”మను బుసకు మూలము. అనగా ఆ బుస తరువాత చేరిన మలినము మాత్రమే కాదు, పళ్లెముతోనే పుట్టినది.

1925 వఱకు లేఖనము కేవలము యాంత్రికము. గాయకుడు పెద్ద బాకా యెదుట నిలిచి గొంతెత్తి పాడవలెను. ఆ గాలియొక్క కదలికయే సూదిని కదల్పవలెను. ఆ పద్ధతిలో సెకనుకు సుమారు రెండు వందల కంపనములకు క్రిందివియు, రెండు మూడు వేల కంపనములకు పైవియు సరిగా పట్టుపడవు. 1925లో మైక్రోఫోనుతో కూడిన విద్యుల్లేఖనము వచ్చి, ఆ పై హద్దును ఐదువేలకును, క్రమముగా అంతకు మించియు పెంచినది. కావున ఒకే గాయకుని రెండు పళ్లెములను పోల్చునపుడు, అవి ఏ పద్ధతికి చెందినవో తెలియక తీర్పు చెప్పరాదు. బాకా కాలపు పళ్లెమునందు లేని ధ్వనిని ఏ నిపుణుడును తిరిగి తెప్పింపలేడు, కల్పింపగలడంతే.

పునర్ముద్రణముల తరములు

1948లో అమెరికాలో నిమిషమునకు ముప్పదిమూడున్నొకటి మూడవవంతు చుట్లు తిరుగు వినైలు రికార్డు వెలువడినది. మన దేశమున లక్క పళ్లెములు 1960 దశకము వఱకు నిలిచి, క్రమముగా పెద్ద రికార్డులకు చోటిచ్చినవి. పిదప క్యాసెట్టు వచ్చినది. పల్లెలలో పద్యనాటకమును ఇల్లిల్లు చేర్చిన ఘనత క్యాసెట్టుదే. 1982లో కాంపాక్టు డిస్కు వెలువడినది. అందు ధ్వని సెకనుకు 44,100 మారులు కొలువబడి, అంకెలుగా నిలుచును. ఇపుడు చేతిలోని ఫోనునందే ఆ అంకెలు పలుకుచున్నవి.

ఈ తరములందు ప్రతియొకదానికిని ఒక అభిరుచి కలదు. పెద్ద రికార్డుల కాలమున ప్రపంచమంతట ఒక వింత ఆచారము ప్రబలినది. ఒకే దిక్కునుండి వినబడు పాత లేఖనమును యంత్రముతో రెండుగా చీల్చి, ప్రతిధ్వని కలిపి, “స్టీరియో” అని అమ్ముట. క్యాసెట్టు కాలమున, ప్రతికి ప్రతి తీయుటచే పై ధ్వనులు మాసిపోయినవి. అంకెల కాలమున, బుస యన్నది వినబడరాదను పట్టుదల పెరిగినది. అన్నిటికంటె క్రొత్తది అన్నిటికంటె మంచిది కానక్కరలేదు. అట్లని అన్నిటికంటె పాతది అన్నిటికంటె నిజమైనదియు కాదు. అఱిగిన పళ్లెమును మొద్దుబాఱిన ముల్లుతో వినుట కూడ ఒక వికారమే.

పోల్చు విధానము

మొదటి పరీక్ష: పోల్చుచున్న రెండును ఒకే లేఖనమా? ఒకే గాయకుడు ఒకే పద్యమును వేర్వేఱు కాలములందు పాడియుండవచ్చును. పళ్లెము నడిమి చీటికి సమీపమున, గాడి ముగిసిన చోట, చెక్కిన సంఖ్య యుండును. ఆ మూలసంఖ్యయే లేఖనమునకు గుర్తు. చీటిపై పేరు చూచి మోసపోవుట సులభము. ఆ సంఖ్యను చూచినచో సందేహము తీరును.

రెండవ పరీక్ష వేగము. “డెబ్బది యెనిమిది” అని మనము పిలుచుచున్నను, పూర్వకాలపు పళ్లెములన్నియు ఆ వేగముననే లిఖింపబడలేదు. డెబ్బదికి కొంచెము పైన మొదలుకొని ఎనుబదికి పైవఱకు భేదములు కలవు. నిమిషమునకు 74 చుట్లతో లిఖించిన దానిని 78 చుట్లతో త్రిప్పినచో శ్రుతి దాదాపు అర కట్టె పెరుగును. రెండువందల సెకనుల పద్యము పది సెకనులు ముందుగా ముగియును. కంఠము సన్ననగును, గమకములు తొందరపడును, ముప్పదియేండ్ల పురుషుడు ఇరువదియేండ్లవానివలె వినబడును. స్త్రీపాత్రలు ధరించిన నటుల విషయమున ఈ భ్రమ మఱింత ప్రమాదకరము. అది వారి కంఠసాధనయా, మోటారు వేగమా యని శ్రోత తెలిసికొనజాలడు.

మన నాటక పళ్లెములందు దీనిని కనుగొనుటకొక సాధనము కలదు. అది హార్మోనియము. తంబురను ఏ శ్రుతికైనను బిగింపవచ్చును. హార్మోనియపు రీడు మాత్రము తయారైనపుడు పొందిన శ్రుతినే పలుకును. పళ్లెమునందలి హార్మోనియము రెండు కట్టెల నడుమ చిక్కుకొనినట్లు వినబడినచో వేగము తప్పినదని శంకింపవచ్చును. అన్ని హార్మోనియములును ఒకే ప్రమాణమున తయారు కాలేదు గనుక ఇది తుది తీర్పు కాదు. అయినను ఒకే గాయకుని నాలుగైదు పళ్లెములను చేర్చి చూచినచో సరియైన వేగము చాలవఱకు తేలును. శ్రుతి నెఱిగిన పాత హార్మోనిస్టులు ఈ పనికి ఏ యంత్రమునకును తీసిపోరు. వారు మన నడుమ ఉన్నపుడే వారి చెవిని వినియోగించుకొనవలెను.

మూడవ పరీక్ష ముల్లు. పెద్ద రికార్డు గాడి సన్నము. లక్క పళ్లెపు గాడి దానికి రెండు మూడింతలు వెడల్పు. సన్నని గాడికి చేసిన ముల్లును వెడల్పు గాడిలో ఉంచినచో, అది గోడలను తాకక అడుగున దొర్లుచు, అచ్చటి దుమ్మును గీతలనే పలికించును. ఇట్లు తీసిన ప్రతిని విని “పళ్లెము పాడైపోయినది” అని నిర్ణయించుట అన్యాయము. తగిన వెడల్పు గల ముల్లును ఎన్నుకొని, ఉక్కుముల్లు త్రొక్కని ఎత్తున గాడి గోడను తాకించినచో, మూగదనుకొన్న పళ్లెము మాటాడుట కలదు. తరువాత చేయు శుభ్రత యెంతటిదైనను ఈ మొదటి జాగ్రత్తకు సాటిరాదు.

నాలుగవ పరీక్ష బిగ్గరతనము. రెండు ప్రతులలో కొంచెము బిగ్గరగా వినబడునదియే మంచిదని చెవికి తోచును. ఇది మానవ శ్రవణమునకు సహజమైన బలహీనత. కావున రెండింటిని సమానమైన బిగ్గరతనమునకు తెచ్చిన పిదపనే పోల్చవలెను. ఏది యేదో వినువానికి తెలియకుండ మఱియొకరు మార్చి మార్చి వినిపించినచో ఇంకను ఉత్తమము.

బుస పోయినచో మాట నిలుచునా?

ఐదవ పరీక్ష అన్నిటికంటె ముఖ్యమైనది. బుస యన్నది పై కంపనములందు దట్టముగా నుండును. దానిని తొలగించుటకు సులభోపాయము పై కంపనములను కోసివేయుట. కాని ఆ ప్రదేశముననే మన భాషలోని స, శ, ష అను ఊష్మములు నివసించుచున్నవి. స్వరమునకు శ్రుతి కలదు. గొంతు తీగ కదలును. “స” అనుటలో నాలుకకును పండ్లకును నడుమ గాలి రాపిడియే యున్నది. యంత్రమునకు ఆ గాలియు, పళ్లెపు బుసయు ఒకటిగానే కనబడును. బుసను తుడుచు చేయి ఊష్మమును గూడ తుడిచివేయును.

అట్లే “టిక్కు టిక్కు”మను చప్పుళ్లను తొలగించు యంత్రము అల్పకాలమున తటాలున లేచు ధ్వనిని దోషముగా నెంచును. ట, త, క, ప అను స్పర్శముల విడుదలయు, మృదంగపు చాపును, తాళపు మొదటి తాకిడియు అట్టివే. మితముగా వాడినచో యంత్రము మేలు చేయును. మితిమీఱినచో పద్యము పండ్లూడిన నోటివలె మెత్తనగును.

తెలుగు పద్యమునకు ఇది సామాన్యమైన నష్టము కాదు. మన పద్యము ఛందస్సుతో పాటు యతిప్రాసలచే బంధింపబడినది. ప్రాసయనగా రెండవ అక్షరమునందలి హల్లు. యతిమైత్రిలో చ, ఛ, జ, ఝ, శ, ష, స లు ఒక కూటమి. పాదము మొదట “చ” వచ్చి, యతిస్థానమున “స” వచ్చినచో చెవికి ఆ రెండింటి మైత్రి వినబడవలెను. “స” స్థానమున ఒక మెత్తని ఊపిరి మాత్రము మిగిలినచో యతి కన్నులకే గాని చెవికి లేదు. రాగము చెక్కుచెదరక నిలిచియుండును. శ్రుతి స్వచ్ఛముగా నుండును. అచ్చుల దీర్ఘములు తేనెవలె పాఱును. పద్యమును పద్యముగా నిలుపు హల్లులు మాత్రము జాఱిపోవును. మాటయా, రాగమా యని బళ్ళారిలో జరిగిన పాత వివాదము ఇచ్చట మఱల మన యెదుట నిలుచుచున్నది. శుభ్రపఱచిన ప్రతి, నిపుణునికి తెలియకయే, రాగపక్షమున తీర్పు చెప్పుచున్నది.

నిశ్శబ్దము గూర్చియు ఒక మాట. పద్యపాదముల నడుమ గాయకుడు ఊపిరి తీయును. హార్మోనియము శ్రుతి పట్టియుండును. కొన్ని ప్రతులలో ఆ చోట్ల ధ్వనిని పూర్తిగా మూసివేయుదురు. అపుడు పాదము పాదమునకును నడుమ బావివంటి శూన్యము తోచును. నటుడు మనిషి గాక బొమ్మ యగును. ఆ ఊపిరియే తరువాతి పాదమునకు ఆయన ఎంత సిద్ధపడెనో చెప్పును. దానిని తుడుచుటకు మనకు హక్కు లేదు.

పశ్చిమ దేశముల అనుభవము

ఈ చిక్కు మనదొక్కటే కాదు. ఆంగ్లమున “రాక్” అనబడు సంగీతమునకు 1960, 1970 దశకములలో వెలువడిన రికార్డులు ప్రామాణికములుగా గణింపబడుచున్నవి. “రాక్” అన్న మాటకు శిలయనియు అర్థము కలదు. మ్రోగు రాళ్ల సీమవారికి ఆ పేరు వింత గొలుపదు. ఆ రికార్డులు పలుమారులు “రీమాస్టరు” చేయబడి, అనగా మూల టేపునుండి మఱల సిద్ధము చేయబడి, వెలువడినవి. ఏ ప్రతి మేలైనదను చర్చ ఆ శ్రోతలలో నేటికిని ఆఱలేదు.

వారికి కలిగిన ముఖ్యమైన బాధ బిగ్గరతనము. 1990 దశకము నుండి, ప్రక్క పాటకంటె తమ పాట గట్టిగా వినబడవలెనను పోటీలో, మెల్లని చోటులను ఎత్తి, గట్టి చోటులను నొక్కి, అంతయు ఒకే మట్టమునకు తెచ్చుట అలవాటైనది. 1973లో వెలువడిన “రా పవర్” అను ఆల్బమును దాని గాయకుడు ఇగ్గీ పాప్ స్వయముగా 1997లో తిరిగి కలిపి విడుదల చేసినపుడు, అది మితిమీఱిన బిగ్గరతనమునకు ఉదాహరణముగా నిలిచినది. పాడినవాడే చేసినను పోలిక తప్పలేదన్నమాట.

దీనికి భిన్నమైన మార్గమును బీటిల్సు బృందపు రికార్డులు చూపుచున్నవి. వారి ఆల్బములు 1987లో మొదటిసారి కాంపాక్టు డిస్కులుగా వచ్చి, 2009 సెప్టెంబరు 9న మఱల సంస్కరింపబడి వెలువడినవి. ఆ సంస్కరణమున, మొత్తము 525 నిమిషముల సంగీతమునందు బుసను తొలగించు యంత్రమును వాడినది ఐదు నిమిషములకు తక్కువయేనని ప్రకటించిరి. రెండు దిక్కుల ప్రతులతో పాటు, ఒకే దిక్కుగా కలిపిన ‘మోనో’ ప్రతులను గూడ వేఱు పెట్టెగా అమ్మిరి. శ్రోతకు ఎన్నిక నిచ్చుట, చేసినదేమో చెప్పుట, చేయకూడనిది మానుట: ఈ మూడును మనకు అనుకరణీయములు.

అయితే ఒక భేదమును మఱువరాదు. వారికి మూల టేపులు కలవు. ఈసారి సంస్కరణము బాగులేకున్న మఱియొకసారి టేపు తెఱువవచ్చును. మన పాత పద్యములలో అనేకమునకు మిగిలినది ఎవరి యింటనో యున్న లక్క పళ్లెమే. అది జాఱి పడిన పగులును, ఎండకు వంగును. వారి తప్పు దిద్దుకొనదగినది. మన తప్పు దిద్దుకొనరానిది.

సరిహద్దున ఈ విషయమునకు గల గౌరవము

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్ళారి జిల్లాలోని ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు చేరినవి. బళ్ళారియు మిగిలిన తాలూకాలును మైసూరు రాష్ట్రమునకు, అనగా 1973 నుండి కర్ణాటకమని పిలువబడు రాష్ట్రమునకు చెందినవి. ధర్మవరము, కోలాచలము, రాఘవ అను మువ్వురు మహనీయుల నాటకరంగము ఒక భాషా రాష్ట్రమునందును, ఆ నాటకభాష వేఱొక భాషా రాష్ట్రమునందును నిలిచినవి. ఇందు ఎవరిని నిందింపవలసిన పని లేదు. కన్నడమును తెలుగును ఒకే నాలుకపై నిలుపుకొనుట ఈ సీమ ప్రజలకు భారము కాదు, సొత్తు. బళ్ళారిలో రాఘవ పేర కళామందిరము వెలసియుండుట ఆ సౌహార్దమునకు సాక్ష్యము.

కాని ఒక ఫలితమును గమనింపవలెను. రూపనగుడి ప్రాంతపు తెలుగిండ్లలో కన్నడ మాధ్యమమున చదువుకొనిన పిల్లవాడు ఇంటిలో తెలుగు మాటాడును గాని, తెలుగు లిపిని చదువలేకపోవచ్చును. గుంటూరులోనో కర్నూలులోనో పెరిగిన పిల్లవానికి పళ్లెమునందలి ఒక మాట స్పష్టముగా వినబడనిచో పుస్తకము తెఱచి చూచుకొనును. ఈ పిల్లవానికి ఆ పుస్తకము మూగది. వానికి పద్యమనగా చెవియందు పడినదే. వినబడిన హల్లు వానికి కలదు. వినబడని హల్లు వానికి లేదు. అందుచే మనకు ధ్వనిగుణమనునది శ్రవణసుఖము కాదు, పాఠశుద్ధి. తాళపత్రమును పరిష్కరించు పండితుడు అక్షరమును గీకి నునుపు చేసినచో మనము సహింపము. నాదప్రతిని పరిష్కరించువాని విషయమునను ఆ నియమమే వర్తింపవలెను.

ఇంకొక విశేషము కలదు. అచ్చు పుస్తకము సీమల ఉచ్చారణ భేదములను చెఱిపివేయును. పళ్లెము వానిని నిలుపును. రాయలసీమ నటుని ఎత్తుగడ, కోస్తా నటుని సాగదీత, ళకార లకారముల భేదము, ఒత్తులను పలుకు తీరు, ఇవి పళ్లెమున కాక వేఱెచ్చటను లభింపవు. అవి హల్లులయందును, హల్లుల నడుమనున్న క్షణములందును దాగియున్నవి. శుభ్రపఱచుటలో మొదట పోవునవియు అవియే.

చేయవలసినది

నాదభాండారముల అంతర్జాతీయ సంఘము 1969లో ఏర్పడి, ఈ పనికి నియమములను నిర్ణయించినది. మొదట పళ్లెమునుండి, ఏ అలంకారమును లేక, ఏమియు కోయక, ఒక ప్రతి తీయవలెను. అది సెకనుకు 96,000 కొలతలతో నుండుట మేలు. దానిని తాకక దాచవలెను. వినుటకు అనువైన శుభ్రప్రతిని దాని నకలునుండి వేఱుగా చేయవలెను. మన దేశమున 1990లో ముంబయిలో ఏర్పడిన రికార్డు సేకర్తల సంఘము ఇట్టి సేవకు దారి చూపినది. ఈ పని ప్రభుత్వమో, పెద్ద సంస్థయో చేయవలెనని మనము చేతులు కట్టుకొని కూర్చుండ నక్కరలేదు. పళ్లెములు మన యిండ్లలో నున్నవి.

కావున నా మనవి యిది. పళ్లెములను పేర్చి పడుకొనబెట్టక, పుస్తకములవలె నిలువుగా నుంచుడు. సారాయపు ద్రవముతో తుడువకుడు. లక్క దానిలో కరగును. పాత యంత్రపు ఉక్కుముల్లుతో వేడుకకు త్రిప్పకుడు. ఒక్కొక్క త్రిప్పుటయు ఒక పొరను తినివేయును. చీటిపై పేరును, గాడి చివరి సంఖ్యను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. పల్లెకు ఒక పట్టిక సిద్ధమైనచో, తగిన ముల్లు, తగిన వేగము నెఱిగిన వారిని పిలిపించి ప్రతులు తీయించుట తెలుగు సంఘములకు అసాధ్యము కాదు. తీయించిన పిదప రెండు ప్రతులను వినిపింపుడు: బుసతో కూడినది యొకటి, శుభ్రమైనది యొకటి. పిల్లలకు మొదటిదానిని వినుట నేర్పుడు. వాన చప్పుడులో తల్లి పిలుపును గుర్తించినట్లు, బుసలోనుండి మాటను గుర్తించుట చెవికి త్వరలోనే అలవాటగును.

క్రొత్త ప్రతులను వలదనుట నా యుద్దేశము కాదు. అవి లేనిచో ఈ తరమువారికి ఆ కంఠములు చేరనే చేరవు. క్రొత్త ప్రతి చేతికి వచ్చినంతనే పాత పళ్లెమును పారవేయుటయే నేను వలదనునది. శుభ్రతలో పోయిన “స”కారమును రేపటి నిపుణుడు మఱల వెదకదలచినపుడు, ఆయన వెదకుటకు ఆ నల్లని పళ్లెము ఉండవలెను గదా. కొండపై మ్రోగు బండను కంకర కొట్టినవారు దాని నాదమును వినలేదు. మనము మన పళ్లెముల నాదమును విన్నవారము. విని కూడ పోగొట్టుకొంటిమను అపకీర్తి మన తరమునకు రాకుండుగాక.